పరుగు మానెయ్యమనడం వైద్యమేనా?

“ఈ వయసులో మీకు పరుగెందుకమ్మా? నడవండి చాలు.” నా మోకాలు ముట్టుకుని కూడా చూడకుండా ఒక ఎముకల డాక్టరు ఇచ్చిన సలహా ఇది. నొప్పి మాత్రలు రాసి పంపించాడు. నాకు ఉద్యోగం ఉంది. పరుగు మానేస్తే నాకు పోయేది కాస్త సంతోషం. కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్న అమ్మాయికి ఇదే సలహా ఇస్తే పోయేది బతుకుతెరువు. దాంతోపాటు, పెళ్లి ఒత్తిడిని ఇంకొన్నాళ్లు ఆపగలిగే ఒకే ఒక సాకు.

తెలంగాణ 2022 నియామకాల్లో స్త్రీలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలన్నారు. అప్పటిదాకా పరుగే ఎరగని అమ్మాయిలు ప్రకటన రాగానే తెల్లవారుజామున తారురోడ్డెక్కుతారు. కొన్ని వారాలకే కాలి ముందు ఎముక నొప్పి మొదలవుతుంది.

అయితే డాక్టర్లు అక్కర్లేదా? అక్కరే. ఎముకపై భారం ఒక్కసారిగా పెరిగితే, అది కోలుకునే వ్యవధి లేక సన్నగా పగులుతుంది. మొదటి వారాల్లో ఈ పగులు చాలాసార్లు ఎక్స్‌రేలో కనిపించదు. “ఎక్స్‌రే బాగుంది, నీకేం లేదు” అన్న మాట నమ్మి పరుగెడితే ఎముక పూర్తిగా విరగవచ్చు. వేలితో నొక్కితే ఒకే చోట పోటెత్తే నొప్పిని, పడుకున్నా తగ్గని నొప్పిని నూనె మర్దనాలకు వదిలెయ్యకూడదు. మిగిలిన నొప్పుల్లో చాలావాటికి పరుగు తగ్గించి, కండరాలకు బలమిచ్చే వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టే ఎక్కువ మేలు చేస్తారు. కానీ ఆ దారి చూపించేదెవరు?

అసలు అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఏం తింటున్నావు? నెలసరి వస్తోందా? చాలినంత తినకపోవడం, నెలసరి ఆగిపోవడం, ఎముక బలహీనపడటం, ఈ మూడూ కలిసి వస్తాయని క్రీడా వైద్యులు 1992లోనే గుర్తించి పేరు కూడా పెట్టారు. అందరూ తిన్నాక మిగిలింది తినే ఇళ్లలో ఈ ప్రశ్న మరీ ముఖ్యం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15-49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. ఆయాసపడే అమ్మాయికి “ఓపిక లేదు” అని ముద్ర వేసేముందు రక్తపరీక్ష చేయించారా?

ఆడవాళ్ల పరుగుపై వైద్యం పేరుతో తీర్పులు కొత్త కాదు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో స్త్రీలు 800 మీటర్లు పరుగెత్తి అలసిపోయారని, వాళ్ల శరీరాలు తట్టుకోలేవని ఆ పోటీనే తీసేశారు. మళ్లీ పెట్టింది 1960లో. అదే 800 మీటర్లను ఇప్పుడు ప్రభుత్వం ఉద్యోగానికి షరతు చేసింది. షరతు పెట్టినవాళ్లకు ఆ కాళ్ల బాధ్యత లేదా?

మనమూ తప్పించుకోలేం. మన ఆరోగ్య శిబిరాలు గర్భసంచి దగ్గర మొదలై కాన్పు దగ్గర ఆగిపోతాయి. ఆడదాని మోకాలు మన ఎజెండాలో ఎప్పుడుంది?

కాబట్టి అడుగుదాం. ప్రకటనకూ పరుగు పరీక్షకూ మధ్య శరీరం అలవాటు పడేంత గడువు కావాలి. ప్రతి శిక్షణ కేంద్రంలో రక్తపరీక్ష, దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో ఫిజియోథెరపిస్టు ఉండాలి. ఇక డాక్టరుగారిని అడగాల్సింది ఒక్కటే: “మళ్లీ ఎప్పుడు, ఎంతతో, ఎలా మొదలుపెట్టాలి?” ఆ జవాబు రాయని చీటీ సగం చీటీయే. మిగతా సగం రాసేదాకా కుర్చీలోంచి లేవకండి.