పోయినవాడి టేపులు

1967 డిసెంబరులో లండన్‌లో తీసిన ఒక చిన్న ఫిల్ము ఉంది. జిమీ హెండ్రిక్స్ ఒక్కడే స్టూలు మీద కూర్చుని ఉంటాడు. చేతిలో పన్నెండు తీగల గిటారు, కరెంటుతో పనిలేనిది. వాయించడం మొదలెట్టి కాసేపటికే ఆపేస్తాడు. భయమేసిందని, మళ్ళీ ఒకసారి మొదలుపెట్టనిమ్మని అడుగుతాడు. గిటారు పట్టుకుంటే జనం నోళ్ళు తెరుచుకుని చూసిన మనిషి! రెండోసారి పూర్తిచేసి నవ్వేస్తాడు. ఆ పాట అతను బతికుండగా రికార్డుగా వెలువడనే లేదు. హాస్టల్లో ఒక సీనియర్ తన ఫోనులో చూపించిన ఆ కొద్ది నిమిషాలే నన్నీ వ్యాసందాకా లాక్కొచ్చాయి.

హెండ్రిక్స్ 1942లో అమెరికాలోని సియాటిల్‌లో పుట్టాడు. 1970 సెప్టెంబరు 18న లండన్‌లో పోయాడు. అప్పటికి వయసు 27. బతికుండగా తన బృందంతో తెచ్చిన స్టూడియో ఆల్బములు మూడే. 1970లో ఒక కచేరీ రికార్డు. పోయాక వచ్చినవో, డజన్లకొద్దీ! తోట వేసినవాడు పోయినా కాపు మాత్రం దిగుతూనే ఉంది. ఆ కాపు ఎవరు కోసుకుంటున్నారు, ఎలా కోస్తున్నారు అన్నదే నా ప్రశ్న.

పోయినవాడి సొరుగు తెరవడమే పాపమని కొందరంటారు. నేను ఒప్పుకోను. తెరవకపోతే ఆ పన్నెండు తీగల పాట నాదాకా వచ్చేదా? పైగా హెండ్రిక్స్ పనంతా ముగించుకుని పోయినవాడు కాడు. న్యూయార్కులో సొంతంగా కట్టించుకున్న ఎలక్ట్రిక్ లేడీ స్టూడియోను 1970 ఆగస్టు 26న ప్రారంభించారు. ఆ తర్వాత అతను బతికింది మూడు వారాలపైన రెండు రోజులు. రాబోయే ఆల్బముకు పాటల పేర్లు టేపు డబ్బా మీద తన చేత్తోనే రాసి పెట్టుకున్నాడు. వాటిలో చాలావాటిని అతని ఇంజనీరు ఎడ్డీ క్రేమర్, డ్రమ్మరు మిచ్ మిచెల్ కలిసి 1971లో 'ద క్రై ఆఫ్ లవ్' పేరుతో తెచ్చారు. పక్కనుండి పనిచేసినవాళ్ళు పనిని ఒడ్డుకు చేర్చారు. దాన్ని నేను తప్పుపట్టను.

నా గొడవంతా 1975లో వచ్చిన 'క్రాష్ లాండింగ్' గురించి. స్టూడియో టేపు మీద ఒక్కో వాద్యానికి ఒక్కో వరస ఉంటుంది. డ్రమ్ములు ఒక దాంట్లో, బేస్ గిటారు ఇంకో దాంట్లో, పాట వేరే దాంట్లో. కాబట్టి ఒక వరస తీసేసి దాని స్థానంలో ఇంకొకటి పెట్టొచ్చు. నిర్మాత ఆలన్ డగ్లస్ చేసిందిదే. హెండ్రిక్స్ గొంతూ గిటారూ ఉంచి, చాలా పాటల్లో అతనితో కూర్చుని వాయించినవాళ్ళ వాద్యాలు తీసేయించి, హెండ్రిక్స్ పోయిన నాలుగేళ్ళ తర్వాత కూలికి పిలిచిన కళాకారులతో కొత్తగా వాయింపించాడు. కొన్ని పాటలకు సహరచయితగా తన పేరు కూడా వేసుకున్నాడు. అదే ఏడాది 'మిడ్‌నైట్ లైట్నింగ్' కూడా అదే పద్ధతిలో వచ్చింది. 'క్రాష్ లాండింగ్' అమెరికా అమ్మకాల పట్టికలో 5వ స్థానందాకా ఎక్కింది. జనానికి అభ్యంతరం లేకపోతే నీకెందుకోయ్ అనొచ్చు మీరు.

ఎందుకో చెప్తాను. మొదటి ఏడాది ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో లోలకంతో గురుత్వ త్వరణం కనుక్కోమన్నారు. నాకు 9.2 వచ్చింది. పక్కవాడి సలహా మీద రీడింగులు రబ్బరుతో చెరిపి, 9.8 వచ్చేటట్టు దిద్ది రికార్డు పట్టుకెళ్ళాను. మేష్టారు కాగితాన్ని వెలుతురుకెత్తి చూసి, కోప్పడకుండా ఒక్కటే అడిగారు: "ఇక్కడ ముందేముందో చెప్పు బాబూ." చెప్పలేకపోయాను. నిజంగానే గుర్తులేదు. తప్పు రీడింగయినా ఉండుంటే, దారం పొడవు కొలవడంలో పొరపాటో, కాలం లెక్కలో పొరపాటో ఆయన పట్టుకునేవారు. నున్నటి అబద్ధంలో పట్టుకోడానికేముంది?

తెలుగు చదివినవాళ్ళు ఇక్కడ నన్ను నిలదీయొచ్చు. నన్నయ ఆరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో ఆగిపోతే ఎర్రన పూరించలేదా, అదీ నన్నయ ధోరణిలోనే? పూరించాడు మహానుభావుడు. కానీ నన్నయ పద్యాలు తీసేసి ఆ చోట్లో తనవి పెట్టలేదు. ఎక్కడ ఒకరు ఆగారో, ఎక్కడ ఇంకొకరు అందుకున్నారో ఈనాటికీ ఇంటర్మీడియట్ కుర్రాడు కూడా చెప్పగలడు. అతుకు కనబడాలి, అంతే నేనడిగేది.

న్యాయంగా ఇంకోమాట కూడా చెప్పాలి. అదే డగ్లస్ 1994లో 'బ్లూస్' అనే సంకలనం తెచ్చాడు. అందులో కొత్త చేతులు పడలేదు. నేను చెప్పిన పన్నెండు తీగల పాటతోనే అది మొదలవుతుంది. చక్కటి రికార్డు.

ఇక డబ్బు సంగతి. హెండ్రిక్స్ తండ్రి ఆల్ హెండ్రిక్స్ తోటపని చేసుకు బతికిన మనిషి. కొడుకు పాటల హక్కులు ఏవేవో కాగితాల మీద చేజారిపోయాయని తెలుసుకుని 1993లో దావా వేశాడు. 1995లో హక్కులు తిరిగొచ్చాయి. ఎవరో రాసి తెచ్చిన కాగితం మీద నమ్మి సంతకం పెట్టడం అంటే ఏమిటో మా ఇళ్ళలో వేరే చెప్పక్కర్లేదు. అంచేత ఆ ముసలాయన గెలిచాడంటే నాకు సొంత మనిషి గెలిచినట్టే అనిపించింది.

కుటుంబం చేతికొచ్చాక 1997లో, హెండ్రిక్స్ తలపెట్టిన ఆ ఆల్బమును 17 పాటలతో, అతను అనుకున్న పేరుల్లో ఒకటైన 'ఫస్ట్ రేస్ ఆఫ్ ద న్యూ రైజింగ్ సన్' పేరు మీద తెచ్చారు. ఆ తర్వాత 2010లో, 2013లో, 2018లో ఇంకా వచ్చాయి. ఒకే పాట రకరకాల రూపాల్లో మళ్ళీ మళ్ళీ తగులుతుంటే, నిజం చెప్పొద్దూ, కొంచెం విసుగే. 2010 నాటి 'వ్యాలీస్ ఆఫ్ నెప్ట్యూన్'లో కొన్ని పాటలకు 1987లో కొత్తగా వాయించిన డ్రమ్ములూ బేసూ ఉన్నాయి. వాయించింది హెండ్రిక్స్ పాత సహచరులే కాబట్టి నాకు కోపం రాలేదుగాని, నా వాదం కాస్త ఇరుకున పడింది.

అసలైన ఇరుకు వేరే ఉంది. ఒక పాట తృప్తిగా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ వాయించే మనిషి హెండ్రిక్స్. తాను వద్దనుకున్న ప్రయత్నాలను మనం చెవుల్లో పెట్టుకుని వింటున్నామంటే ఒప్పుకునేవాడా? బహుశా ఒప్పుకోడు. అయినా వింటున్నాను. దీనికి నా దగ్గర జవాబు లేదు. కనీసం అట్టమీద ఏ తేదీన వాయించిందో, ఎవరెవరు వాయించారో, తర్వాత ఎవరు చెయ్యిపెట్టారో అచ్చువేయాలని మాత్రం అడుగుతాను.

మా రూమ్మేటు ఇదంతా విని, "ఏమైనా 'క్రాష్ లాండింగ్' వినడానికి భలే ఉంటుందిరా" అన్నాడు. ఉండదని నేనెప్పుడన్నాను?