ఇల్లు కడుతున్నారా? 239 గజాలకు ఒక రూల్.. 240 గజాలకు మరో రూల్! సెట్‌బ్యాక్ లెక్క ఇదే

సొంతిల్లు అనగానే ముందు అడిగే ప్రశ్న ఒక్కటే. మన ప్లాట్‌లో ఎంత కట్టుకోవచ్చు? మేస్త్రీని అడిగితే ఒక లెక్క, పక్కింటాయన్ని అడిగితే ఇంకో లెక్క చెబుతారు. కానీ అసలు లెక్క ఉన్నది జీవోలో. తెలంగాణలో ఇప్పటికీ బిల్డింగ్ రూల్స్‌కు ఆధారం 2012 ఏప్రిల్ 7న ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన జీవో 168. తర్వాత సవరణలు చాలా వచ్చాయి కానీ పునాది మాత్రం అదే. ఏపీ 2017లో జీవో 119తో వేరే రూల్స్ తెచ్చుకుంది కాబట్టి ఇక్కడి అంకెలను అక్కడ వాడితే కుదరదు.

చెన్నైలో అయితే ఎఫ్ఎస్ఐ అని ఒక అంకె ఉంటుంది. సాధారణ భవనాలకు అది 2. అంటే స్థలానికి రెండింతల విస్తీర్ణం కట్టుకోవచ్చు. హైదరాబాద్‌లో అలా సూటిగా చెప్పే అంకె లేదు. ఇక్కడ మూడు విషయాలే నిర్ణయిస్తాయి. ప్లాట్ సైజు, ముందున్న రోడ్డు వెడల్పు, కట్టే ఎత్తు. వీటిని బట్టి నాలుగు వైపులా ఎంత ఖాళీ వదలాలో తేలుతుంది. వదిలింది పోగా మిగిలిందే మీ ఇల్లు.

150 గజాల్లో ఎంత వస్తుంది?

30 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవున్న 150 గజాల ప్లాట్ తీసుకుందాం. అంటే సుమారు 125 చదరపు మీటర్లు. 100 నుంచి 200 చదరపు మీటర్ల ప్లాట్‌కు, ముందు రోడ్డు 12 మీటర్ల లోపే ఉంటే, ముందు 1.5 మీటర్లు, మిగతా మూడు వైపులా ఒక్కో మీటరు వదలాలి. అడుగుల్లో చెప్పాలంటే ముందు దాదాపు 5, మిగతా వైపులా 3 అడుగుల 3 అంగుళాలు.

ఇవి తీసేస్తే మిగిలేది సుమారు 860 చదరపు అడుగులు. 1,350 అడుగుల స్థలంలో ఇది 64 శాతం. ఎత్తు 10 మీటర్ల వరకు ఓకే కాబట్టి జీ ప్లస్ టూ వేసుకోవచ్చు. మూడు అంతస్తులు కలిపితే దాదాపు 2,580 చదరపు అడుగులు. నాలుగో అంతస్తు అన్న మాటే లేదు. మెట్ల గది, వాటర్ ట్యాంక్ ఎత్తు లెక్కలోకి రావు. దాన్నే సాకుగా చూపి డాబా మీద పెంట్‌హౌస్ లేపేసేవాళ్లకు నగరంలో కొదవ లేదు. అది అనుమతి లేని నిర్మాణమే.

మాస్టర్ ప్లాన్‌లో మీ రోడ్డుకు విస్తరణ ఉంటే ఆ మేర స్థలం ముందే వదిలేయాలి. సెట్‌బ్యాక్ కొలత ఆ తర్వాత మొదలవుతుంది.

240 గజాల దగ్గర మెలిక

అసలు చిక్కు ఇక్కడే. 239 గజాలంటే 199.8 చదరపు మీటర్లు. 240 గజాలంటే 200.7. ఒక్క గజం తేడాతో ప్లాట్ తర్వాతి శ్లాబ్‌లోకి వెళ్లిపోతుంది. ఆ శ్లాబ్‌లో ముందు వదలాల్సింది పెరుగుతుంది. పక్కల సంగతి ఎత్తును బట్టి ఉంటుంది. 7 మీటర్ల వరకు, అంటే జీ ప్లస్ వన్‌కు ఒక్కో మీటరు చాలు. 10 మీటర్లకు వెళ్తే ఒకటిన్నర మీటరు వదలాలి.

చాలామంది ఇరుక్కునేది ఈ పాయింట్ దగ్గరే. ఇప్పటికి జీ ప్లస్ వన్ చాలు, పిల్లలు పెద్దయ్యాక పైన ఇంకోటి వేసుకుందాం అనుకుంటారు. మీటరు వదిలి గోడలు లేపేస్తారు. పదేళ్ల తర్వాత రెండో అంతస్తుకు అప్లై చేస్తే అడుగూ ఎనిమిది అంగుళాలు తక్కువ. కట్టేసిన గోడను వెనక్కి జరపలేరు కదా! పైన వేసే ఆలోచన ఏమాత్రం ఉన్నా, మొదటి రోజే ఆ ఎత్తుకు తగ్గ ఖాళీ వదలడం తప్ప దారి లేదు.

ప్లాట్ 200 చదరపు మీటర్లు దాటినా, ఎత్తు 7 మీటర్లు దాటినా ఇంకో షరతు ఉంది. కట్టే విస్తీర్ణంలో సాధారణంగా 10 శాతాన్ని మున్సిపాలిటీకి తనఖా పెట్టాలి. ప్లాన్ ప్రకారం కట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తెచ్చుకుంటేనే అది తిరిగి మీ చేతికి వస్తుంది.

పర్మిషన్ ఈజీ.. తప్పితే?

2020 నాటి టీఎస్ బీపాస్ చట్టంతో అనుమతులు సులువయ్యాయి. 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు వరకు పర్మిషన్ అక్కర్లేదు, రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల వరకు, 10 మీటర్ల ఎత్తు వరకు సెల్ఫ్ సర్టిఫికేషన్‌తోనే అప్రూవల్. కానీ 'రూల్స్ పాటిస్తాను' అని సంతకం పెట్టేది యజమానే. తప్పితే నోటీసు ఇవ్వకుండానే కూల్చే అధికారం అదే చట్టంలో ఉంది. కింద ఖాళీ వదిలి, పై అంతస్తులో స్లాబ్‌ను బయటకు లాగి గది కలిపేసుకోవడం కూడా ఉల్లంఘనే.

2024 డిసెంబర్ 17న మీరట్ కేసులో సుప్రీంకోర్టు ఇంకాస్త గట్టిగానే చెప్పింది. కంప్లీషన్ లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఇవ్వాలని, బ్యాంకులు కూడా అది పరిశీలించాకే ఆ భవనంపై లోన్ ఇవ్వాలని ఆదేశించింది. ఏళ్లు గడిచాయనో, డబ్బు ఖర్చయిందనో అక్రమ నిర్మాణాన్ని సమర్థించుకోలేరని తేల్చేసింది. రేపు ఏ బీఆర్ఎస్ స్కీమో రాకపోతుందా, అప్పుడు క్రమబద్ధీకరించుకుందాం అనుకునేవాళ్లకు ఇది ఇబ్బందికరమైన తీర్పే. 2015లో తెలంగాణ తెచ్చిన బీఆర్ఎస్ కూడా హైకోర్టు మెట్లెక్కింది.

కొనేవాళ్లు కూడా టేపు పట్టుకోవాలి. అప్రూవ్డ్ ప్లాన్ కాపీ అడిగి, సెట్‌బ్యాక్‌లు అందులో ఉన్నట్టే ఉన్నాయో లేదో కొలిచి చూసుకోవాలి. దగ్గర్లో చెరువు ఉంటే ఇంకో కొలత కూడా కావాలి. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్. ఆ గీత లోపల సెట్‌బ్యాక్ ఎంత వదిలినా ఉపయోగం లేదు.