యంత్రం ఎవరి రోడ్డు చూసి నేర్చుకోవాలి?

మీ బడి గేటు ముందు పది నిమిషాలు నిలబడి, రోడ్డు మీద కనిపించినవన్నీ ఒక కాగితం మీద రాయండి. బస్సు, లారీ, ఆటో, ముగ్గురెక్కిన మోటారు సైకిలు, గడ్డి వేసుకున్న ట్రాక్టరు, గేదెలు, తోపుడుబండి, ఎదురుదారిన వచ్చే స్కూటరు. డ్రైవరు లేని కారును ఇక్కడ వదిలితే, అది వీటిలో ఎన్నిటిని గుర్తుపడుతుందంటారు?

ఈ కార్ల తొలి పెద్ద పరీక్ష మనుషులు లేనిచోట జరిగింది. 2004లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా, మొహావీ ఎడారిలో సుమారు 240 కి.మీ. పందెం పెట్టింది. ఒక్క బండీ గమ్యం చేరలేదు. అన్నిటికన్నా ముందుకు పోయినది 12 కి.మీ. లోపే ఆగిపోయింది. మరుసటి ఏడే అయిదు బండ్లు చివరిదాకా వెళ్ళాయి. గెలిచిన కారు ఫోక్స్‌వాగన్ కంపెనీది, దానికి తెలివి నేర్పింది స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం.

ఎడారి వేరు, ఊరు వేరు. ఎదురుగా ఏదో ఉందనీ, అది ఎంత దూరంలో ఉందనీ లైడార్ చెప్పగలదు. లేజరు కాంతి వెళ్ళి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి అది దూరం లెక్కిస్తుంది. కాని ఆ ఉన్నది ఏమిటి? ఇందుకోసం వేలకొద్దీ ఫోటోలలో "ఇది మనిషి, ఇది సైకిలు" అని మనుషులే గీసి చూపి, యంత్రానికి నేర్పాలి. చూపనిది దానికి రాదు.

2018 మార్చిలో అమెరికాలోని టెంపే నగరంలో ఏం జరిగిందో వినండి. రాత్రివేళ ఒక స్త్రీ సైకిలు నడిపించుకుంటూ, జీబ్రా గీతలు లేనిచోట రోడ్డు దాటుతోంది. ఉబర్ వారి ప్రయోగపు కారు ఆమెను 5.6 సెకన్ల ముందే పసిగట్టింది. అయినా ఒకసారి వాహనమని, ఒకసారి ఇంకేదో అని, మరొకసారి సైకిలని అనుకుంటూ పోయింది. లోపల కూర్చున్న మనిషి దృష్టి కూడా రోడ్డు మీద లేదు. ఆమె చనిపోయింది. గీతలు లేనిచోట మనిషి రోడ్డు దాటవచ్చునన్న ఆలోచనే ఆ కారు ప్రోగ్రాములో లేదని విచారణలో తేలింది.

మీ ఊళ్ళో జీబ్రా గీతలు ఎన్ని ఉన్నాయి?

అందుకే హైదరాబాదు ట్రిపుల్ ఐటీ, ఇంటెల్ కంపెనీ కలిసి చేసిన పని నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. హైదరాబాదు, బెంగళూరు రోడ్ల మీదా, ఆ ఊళ్ళ శివార్లలోనూ 182 ప్రయాణాలలో తీసిన పదివేల ఫోటోలకు వారు గుర్తులు పెట్టారు. అంతకుముందు 2016లో వచ్చిన పేరుపొందిన సంకలనం ఎక్కువగా జర్మనీ నగరాలది. అందులో ఆటోకు చోటు లేదు. మనవాళ్ళు ఆటోకూ, జంతువులకూ విడివిడిగా పేర్లిచ్చారు. తారు పక్కన ఉండే మట్టి అంచుకు కూడా వేరే పేరు పెట్టవలసి వచ్చింది. అది రోడ్డు కాదు, కాని అవసరమైతే బండి దిగుతుంది!

మనుషులను కంచెల మధ్య నడిపిస్తే యంత్రాలకు సులువవుతుందని వాదించేవారున్నారు. నేను ఒప్పుకోను. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణిస్తే, వారిలో 32,825 మంది పాదచారులు. నేర్చుకోవలసింది యంత్రమే.

ఇంకొక మాట. మీలో కొందరి నాన్నలు లారీయో, ఆటోనో నడుపుతూ ఉంటారు. డ్రైవరును దింపేయడం కాదు, ఆయనకు మరొక కన్ను ఇవ్వడం పరిశోధనకు మొదటి పని కావాలని నా అభిప్రాయం. 2021లో నాగపూర్‌లో మొదలైన ఐరాస్తే పథకంలో ట్రిపుల్ ఐటీ వారు చేసింది ఇదే. బస్సుకు కెమెరా అమర్చారు. ముందున్న బండికో మనిషికో మరీ దగ్గరైతే అది డ్రైవరును హెచ్చరిస్తుంది. తరువాత తెలంగాణ ఆర్టీసీ బస్సులకూ ఈ పథకం వచ్చింది. ఆ హెచ్చరికలు ఏ మలుపులో ఎక్కువగా మోగుతున్నాయో పటం మీద గుర్తిస్తే, అక్కడ ఎవరూ చనిపోకముందే ఆ మలుపును సరిచేయవచ్చు.