మూగ వీడియోకు పాటెందుకు ఆగాలి?

‘వేణుగోపాల’ ముద్రతో పదాలు రాసిన సారంగపాణిది కార్వేటినగరం. ఆ ఊళ్లో ఓ అవ్వ ఫోన్లో ఆయన పదం వింటోందనుకోండి. మనవడొచ్చి అదే ఫోన్లో ఇంకో ఆప్‌ తెరిచాడు. శబ్దమే లేని వీడియో ప్రకటన మొదలైంది. అంతే, పదం ఆగిపోయింది!

తప్పు ఫోనుది కాదు, ఆప్‌ది. ఆండ్రాయిడ్‌లో 2010 నుంచే ‘ఆడియో ఫోకస్‌’ అనే ఏర్పాటుంది. ఐఫోన్లోనూ ఇలాంటిదే ఉంది. వీడియో ఆడించే ముందు ఆప్‌ ‘కాసేపు నా వంతు’ అని ఫోన్‌ను అడగాలి. అప్పుడు పాటల ఆప్‌ ఆగుతుంది. చిన్న మాట వినిపించాలంటే పాట ధ్వని తగ్గితే చాలు. మూగ వీడియోకైతే అసలు అడగనే కూడదు. వీడియో అయిపోగానే వంతు తిరిగి ఇచ్చేయాలి. అప్పుడే పాట ఆగినచోటి నుంచి అందుకుంటుంది.

ఆప్‌ ఆ మర్యాద పాటించకపోతే? దాని సెట్టింగ్స్‌లో ‘ఆటోప్లే’ ఉంటే ఆపేయండి. అవ్వ పాట అవ్వకు దక్కుతుంది!