ఆ హార్డ్ డిస్క్‌లో పెళ్లి ఫొటోలున్నాయా? ఆగండి!

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న మామూలు సపోర్ట్ ఆపేసింది. మీ పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 ఎక్కడం లేదా? పాత సామాన్లకి వేసేముందు ఒక్కసారి లైనక్స్ మింట్ వేసి చూడండి. డౌన్‌లోడ్ సుమారు 3 జీబీ, ఖర్చు సున్నా.

అసలు తంటా ఇన్‌స్టాలర్ తయారు చేసేటప్పుడే. అవసరానికి పెన్‌డ్రైవ్ దొరకదు. చేతికి అందేది అక్క పెళ్లి ఫొటోలన్నీ ఉన్న 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్. 'సగం ఖాళీయే కదా, ఓ మూల 3 జీబీ పట్టదా?' అనిపిస్తుంది. పట్టదండీ! రూఫస్, ఎచర్ లాంటి టూల్స్ ఖాళీ జాగా వెతుక్కోవు. డ్రైవ్ మొదటి నుంచీ రాసుకుంటూ పోతాయి. ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే చిట్టా మొదట్లోనే పోతుంది. రికవరీ సాఫ్ట్‌వేర్‌తో కొన్ని దొరకొచ్చు, అన్నీ వస్తాయని మాత్రం ఎవరూ చెప్పలేరు. రూఫస్ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లను మామూలుగా లిస్టులో చూపించనిది అందుకే. టిక్ పెట్టి మరీ చూపించమంటే ఇక మీ ఇష్టం.

8 జీబీ ఖాళీ పెన్‌డ్రైవ్ చాలు. హార్డ్ డిస్కే వాడాలంటే ముందు అన్నీ వేరేచోట కాపీ చేయండి, కాపీ అయిన ఫొటోలు నాలుగైనా తెరిచి చూడండి. తర్వాత వెంటాయ్ వేయండి. అదీ మొదటిసారి డిస్క్ మొత్తం తుడిచేస్తుంది. కానీ ఆపైన ఐఎస్‌వో ఫైల్‌ను పాటలు కాపీ చేసినట్టు పడేస్తే చాలు, మిగతా జాగాలో మీ ఫైల్స్ పెట్టుకోవచ్చు. నా ఓటు దీనికే.

ఐఎస్‌వో అధికారిక సైట్ నుంచే దించుకుని, ఎస్‌హెచ్‌ఏ256 సరిచూడండి. 2016 ఫిబ్రవరిలో మింట్ సైట్‌నే హ్యాక్ చేసి, దొంగ ఐఎస్‌వో లింక్ పెట్టారు మరి.

ఇక బూట్ మెనూ. డెల్, లెనోవోల్లో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. మింట్ లోపలికి వెళ్లాక వెంటనే ఇన్‌స్టాల్ నొక్కేయకండి. ఇన్‌స్టాల్ చేయకుండానే వైఫై, సౌండ్, కెమెరా పనిచేస్తున్నాయో లేదో చూసుకోవచ్చు. 'ఎరేజ్ డిస్క్' అని అడిగినచోట డిస్క్ పేరు, సైజు రెండుసార్లు చదవండి. అన్నట్టు, ఎక్స్‌టర్నల్ డిస్క్‌తో పాటు ల్యాప్‌టాప్ లోపలి ఫైల్స్‌కీ బ్యాకప్ తీశారుగా?

వైఫై దొరకలేదా? ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. నెట్ వచ్చాక 'డ్రైవర్ మేనేజర్' తెరిస్తే, కావాల్సిన డ్రైవర్ చాలాసార్లు అక్కడే ఉంటుంది.