నంది పోయె, గద్దర్ వచ్చె.. పంచే పద్ధతి మారిందా?

జగిత్యాలలో, కోరుట్లలో, సిరిసిల్లలో సినిమా టికెట్ కొనేది ఎవరు? బీడీలు చుట్టే అక్కలు. సాంచాలు నడిపే అన్నలు. దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన తమ్ముళ్లు. కాలేజీ పిల్లలు. వీళ్ల పైసలతోనే సినిమా బతుకుతున్నది. కానీ ఏది ఉత్తమ సినిమా అని సర్కారు ముద్ర వేసే కాడ వీళ్ల మాటకు విలువ లేదు. నలుగురు ఒక గదిలో కూర్చుంటారు. లిస్టు బయటికి వస్తది. ఎందుకు ఇచ్చిండ్రు, ఎందుకు ఇయ్యలేదు అంటే జవాబు ఉండదు.

ఇది కొత్త రోగం కాదు. 1964లో నంది అవార్డులు మొదలైనప్పటి నుంచీ ఉన్నదే. ఆ నందుల కాలంలో మనోళ్లకు దక్కింది ఏమిటో చూడండి. సిరిసిల్ల ప్రాంతం హనుమాజీపేట బిడ్డ సినారె. జ్ఞానపీఠం అందుకున్న మహాకవి. ఆయనకు 2003లో ఉత్తమ గేయ రచయితగా నంది వచ్చింది 'సీతయ్య'లో రాయలసీమ గడ్డ మీద రాసిన పాటకు! సినారె కలం ఏ గడ్డ మీదైనా రాయగలదు, అందులో తప్పు లేదు. కానీ మానేరు ఒడ్డున పుట్టిన కవితో మానేరు పాట రాయించుకునే సినిమా ఆ పరిశ్రమలో ఎన్నిసార్లు వచ్చింది? తెర మీద మన ఊరే లేనప్పుడు అవార్డుల్లో మన ఊరు ఎక్కడి నుంచి వస్తది?

తీసినోళ్లు లేక కాదు. 1978లో జగిత్యాల జైత్రయాత్ర దొరల వెట్టిని ధిక్కరించింది. తర్వాత పదేండ్లకు, 1988లో, బి.నర్సింగరావు 'దాసి' తీసి గడీ లోపలి వెట్టిని దేశానికి చూపించిండు. జాతీయ స్థాయిలో ఐదు అవార్డులు వచ్చినయి. అయినా పరిశ్రమ పెద్దలు ఆ బాట పట్టలేదు.

రాష్ట్రం విడిపోయినంక అటువైపు ఏం జరిగిందో కూడా చూసినం. 2017 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ సర్కారు 2014, 2015, 2016 సంవత్సరాలకు నందులు ప్రకటించింది. 2014కు ఉత్తమ చిత్రం 'లెజెండ్', ఉత్తమ నటుడు బాలకృష్ణ. ఆయన అప్పుడు అధికార పార్టీ ఎమ్మెల్యే, ముఖ్యమంత్రికి బావమరిది, వియ్యంకుడు కూడా. రచ్చ రచ్చ అయింది. 'రుద్రమదేవి'ని పక్కన పెట్టిండ్రని గుణశేఖర్ నిలదీసిండు. పోసాని కృష్ణమురళి తనకు ఇచ్చిన నందిని వద్దన్నడు.

మనం నవ్వుకున్నం. మన రాష్ట్రంలో ఇట్లా ఉండదు అనుకున్నం. ఇక మన ముచ్చట చూద్దాం.

తెలంగాణ వచ్చిన పదేండ్లు అవార్డులే లేవు. 2024 జనవరిలో గద్దర్ పేరు మీద ఇస్తమని ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ప్రకటించిండు. 2025 జూన్ 14న హైటెక్స్‌లో పండుగ చేసిండ్రు. మంచి పేరు పెట్టిండ్రు. 'ఒరేయ్ రిక్షా' పాటకు నంది వస్తే వద్దన్న మనిషి గద్దర్. సర్కారు సన్మానాన్ని కాదన్నోడి పేరుతో సర్కారు అవార్డు ఇస్తున్నది. అంటే మామూలు అవార్డు కన్న రెండింతలు నికార్సుగా ఉండాలె గదా?

2014 నుంచి 2023 దాకా పదేండ్లకు పది ఉత్తమ చిత్రాలను ఎంపిక చేసిండ్రు. 2023కు 'బలగం'. సిరిసిల్ల బిడ్డ వేణు ఎల్దండి తీసిన సినిమా. ఊర్లల్ల తెరలు కట్టుకుని జనం కలిసి చూసి ఏడ్చిన సినిమా. దానికి మొదటి బహుమతి రావడం న్యాయమే. కానీ అదే పదిలో 'శతమానం భవతి' ఉన్నది, 'మహర్షి' ఉన్నది. ఈ మూడింటి నిర్మాణంలోనూ దిల్ రాజు సంస్థలు ఉన్నయి. అవార్డులు ఇచ్చేనాటికి రాష్ట్ర ఫిలిం డెవలప్‌మెంట్ కార్పొరేషన్ చైర్మన్ కూడా దిల్ రాజే!

ఆయన వేలు పెట్టిండని అనడం లేదు. ఆ పదేండ్ల జ్యూరీకి పెద్ద మురళీమోహన్. కానీ విద్యార్థి మిత్రులకు, ఉద్యోగ మిత్రులకు ఈ సంగతి విడమర్చి చెప్పనక్కర లేదు. తన బిడ్డ పరీక్ష రాస్తుంటే తండ్రికి ఆ సెంటర్‌లో డ్యూటీ వేయరు. తండ్రి దొంగ అని కాదు. బిడ్డ కష్టపడి తెచ్చుకున్న మార్కుల మీద రేపు ఎవడూ వేలెత్తి చూపొద్దని. ఆ జాగ్రత్త తీసుకోకపోవడం వల్ల నష్టపోయేది 'బలగం' లాంటి సినిమానే. నికార్సుగా గెలిచినా, చైర్మన్ సినిమా గదా అనే మాట పడాల్సి వచ్చె.

మరో లెక్క చూడండి. 2019లో మొదటి బహుమతి 'మహర్షి'కి. అమ్మ చేతుల నొప్పి చూడలేక ఆసు యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం కథ 'మల్లేశం'కు మూడో బహుమతి. ఏ కొలత మీద? సిరిసిల్ల నేతన్న అడిగితే జ్యూరీ ఏమని చెప్తది? 2015కు నంది జ్యూరీ 'బాహుబలి'ని ఎక్కిస్తే, గద్దర్ జ్యూరీ 'రుద్రమదేవి'ని ఎక్కించింది. ఏడాది అదే, సినిమాలు అవే. మారింది కూర్చున్నోళ్లు. అందుకే ఎవరిని కూర్చోబెడుతున్నరన్నదే అసలు ప్రశ్న. ఇక మన సర్కారు ఇచ్చిన ఎన్టీఆర్ జాతీయ అవార్డు ఎవరికి పోయింది? ఎన్టీఆర్ కొడుకు బాలకృష్ణకే.

ఢిల్లీ అయినా అంతే. 2025 ఆగస్టులో ప్రకటించిన 71వ జాతీయ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రం 'భగవంత్ కేసరి'. 'బలగం'కు దక్కింది పాట అవార్డు, కాసర్ల శ్యామ్‌కు. సంతోషమే. కానీ ఆ పాటను కన్న సినిమా ఎందుకు వెనుకబడిందో మనకు తెలిసే దారి లేదు.

మనం అడిగేది గొంతెమ్మ కోరిక కాదు. ఒకటి, కార్పొరేషన్ పదవిలో ఉన్నోళ్ల సినిమాలు ఆ పదవీకాలంలో ఇచ్చే అవార్డులకు పోటీలో ఉండొద్దు. రెండు, జ్యూరీ సభ్యులకు ఏ సంస్థతో ఏ లావాదేవీ ఉన్నదో ముందే ప్రకటించాలె. మూడు, గెలిచిన ప్రతి సినిమాకూ కారణం రాసి అచ్చు వేయాలె. నాలుగు, జ్యూరీలో సగం మంది పరిశ్రమ బయటి నుంచి రావాలె. కవులు, ఒగ్గు కళాకారులు, అధ్యాపకులు మన జిల్లాల్లో తక్కువున్నరా?

సర్కారు చేస్తదని కూర్చుంటే కాదు. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉన్నది. పది రూపాయల దరఖాస్తు పెట్టి జ్యూరీ మినిట్స్ అడగండి. జగిత్యాల నుంచి ఒకటి, కోరుట్ల నుంచి ఒకటి, సిరిసిల్ల నుంచి ఒకటి పోవాలె. అవార్డుకు గద్దర్ పేరు పెట్టుకున్నోళ్లు ప్రశ్నకు భయపడొద్దు. ప్రశ్న లేని కాడ గద్దర్ లేడు.