వారంటు లేని సైనికులు

స్వాతంత్ర్య సమరయోధుల పింఛను నిబంధన ఒకసారి చదివి చూడండి. జైలుకు పోయినవాళ్లయితే మగవాళ్లకు ఆరు నెలలు, స్త్రీలకు మూడు నెలలు ఉండాలి. ఉదారంగానే కనిపిస్తుంది. జైలుకు పోకుండా అజ్ఞాతంలో పనిచేసిన వాళ్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆరు నెలల అజ్ఞాతవాసం చాలదు. ప్రకటిత నేరస్తులై ఉండాలి, లేదా తలకు వెల కట్టి ఉండాలి, లేదా నిర్బంధ ఉత్తర్వు వెలువడి ఉండాలి. అంటే ఎవరిమీద పోరాడామో ఆ ప్రభుత్వం మనల్ని ముందు గుర్తించి ఉండాలన్నమాట!

మల్లు స్వరాజ్యం తలకు పదివేల రూపాయల వెల కట్టారు. ఆమె దళాన్ని నడిపిన మనిషి. ఆమె కథ మనకు తెలుసు. మా అమ్మ కొరియరు. దేవరకొండ తాలూకాలో 1947 నుంచి, పోరాటం విరమించిన 1951 అక్టోబరు దాకా చీటీలు మోసింది. సద్దిమూటలో జొన్నరొట్టెల నడుమ, కొప్పులో, ఒక్కోసారి చంటిపిల్ల బట్టల్లో. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత దళాలు నల్లమలకు తరలినప్పుడు, డిండి వాగు దాటి మహబూబ్‌నగర్ జిల్లా అమ్రాబాద్ అడవి దాకా ఉప్పు, క్వినైను గోళీలు చేరవేసింది. రజాకార్ల కాలంలోనూ ఆపారు, యూనియన్ సైన్యం వచ్చాకా ఆపారు. తల్లిగారింటికి పోతున్నానని చెప్పి బయటపడింది. నాలుగేళ్లలో ఆమె పేరు ఏ పోలీసు కాగితానికీ ఎక్కలేదు. ఎక్కి ఉంటే ఆ చీటీలు అందుకున్నవాళ్లలో ఎంతమంది మిగిలేవాళ్లు? 1980లలో దరఖాస్తు పెట్టుకుంటే బల్ల వెనక కూర్చున్నాయన అడిగింది ఒక్కటే: "వారంటు ఉన్నదా?"

ఆఫీసు సంగతి సరే. నన్ను ఎక్కువ బాధపెట్టింది మా అమ్మ జవాబు. "నేనేం జేసిన బిడ్డా, సద్ది మోసిన, గంతే" అనేది చచ్చేదాకా. ఈ మాట ఆమెకు ఎవరు నేర్పారు? పోరాటం విరమించాక ఆడవాళ్లను ఇళ్లకు పొమ్మన్నారు, పెళ్లిళ్లు చేసుకొమ్మన్నారు. తుపాకి పట్టిన చేతులు మళ్లీ పొయ్యి దగ్గరికే. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' వేసేదాకా ఆ అనుభవాలను వాళ్ల నోటనే విని పుస్తకంగా వేయాలని ఎవరికీ తోచలేదు. అడవిలో కన్నబిడ్డను వదులుకున్న తల్లి కూడా అందులో మాట్లాడింది.

ఏ సైన్యంలోనైనా వార్త చేరవేసేవాడికి ఒక విభాగం, తిండి అందించేవాడికి ఒక విభాగం, మందులిచ్చేవాడికి ఒక విభాగం ఉంటాయి. వాళ్లకు జీతం, యూనిఫారం, పింఛను ఉంటాయి. అదే పని ఆడమనిషి చేస్తే సాయం అంటాం. ఉద్యమ చరిత్రలు రాసిన మన కామ్రేడ్లు కూడా "మహిళలు సహకరించారు" అని ఒక పేరాతో సరిపెట్టారు.

విమానాలు నడిపినా ఇదే కథ! రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికాలో వెయ్యికి పైగా స్త్రీలు సైనిక విమానాలు నడిపారు. వాస్ప్ అనేవారు వాళ్లని. ముప్ఫై ఎనిమిది మంది చనిపోయారు. వాళ్లు సైనికులు కారట, పౌర ఉద్యోగులట. శవాన్ని ఇంటికి పంపడానికి తోటి పైలట్లు చందాలు వేసుకున్నారు. 1976లో అక్కడి వైమానిక దళం "మొట్టమొదటిసారి" స్త్రీలకు సైనిక విమానాలు నడపడం నేర్పుతున్నామని ప్రకటించేసరికి ఆ ముసలమ్మలకు కోపమొచ్చింది. పోరాడి 1977లో సైనికులుగా గుర్తింపు తెచ్చుకున్నారు. వాళ్ల చేతిలో సేవా విముక్తి పత్రాలన్నా ఉన్నాయి. మన అమ్మల దగ్గర అవీ లేవు.

ఏటా సెప్టెంబరు 17న అది విమోచనమా, విలీనమా, సమైక్యతా అని పార్టీలు కొట్టుకుంటాయి. కోఠీ మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు, సంతోషం. కానీ ఒక్క ఐలమ్మ పేరు చెప్పి వేలమందిని మరిచిపోతే ఒప్పుకోవద్దు. పింఛను అడగడానికి ఇప్పుడు వాళ్లలో చాలామంది లేరు. నిబంధనలో కూతుళ్లు ఉన్నారు గానీ, పెళ్లి కానివాళ్లే. నేను అడిగేది డబ్బు కాదు, పేర్లు. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో పనిచేసే సంస్థలన్నీ ఇళ్లిళ్లూ తిరిగి కూతుళ్లను, కోడళ్లను అడిగి రాయాలి: ఎవరు అన్నం పంపారు, ఎవరు కాపలా కాశారు, ఎవరు దెబ్బలు తిన్నారు. గ్రామసభలో చదివి తీర్మానం చేయించాలి. మా ఊరి అమరుల స్తూపం మీద పదకొండు పేర్లున్నాయి, అన్నీ మగవాళ్లవే. పేర్లు చెక్కడానికి చోటు లేదని ఊరి పెద్దలు అంటున్నారు. స్తూపానికి నాలుగు వైపులున్నాయి, మూడు ఖాళీగానే ఉన్నాయి.